వాకిలి పక్క గది

"నీకేమున్నదమ్మా, ఇల్లా? పిల్లలా?" అన్నారు పాస్టరయ్య.

ఆడపిల్లల హాస్టలు కట్టించే బరువు ఎవరి నెత్తిన పెట్టాలా అని కమిటీ వాళ్ళు చర్చిలో బెంచీల మీద కూర్చుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్న సాయంత్రం అది. కమిటీలో అందరూ మగవాళ్ళే. అందరికీ ఉద్యోగాలున్నాయి, సంసారాలున్నాయి. నేను మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులమ్మను. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు కాబట్టి నా దగ్గర తీరిక గంపల కొద్దీ మూలుగుతోందని వాళ్ళ లెక్క. ఒళ్ళు మండింది. ఏదో అనబోయేలోగా ఆయన ఇంకో మాటన్నారు.

"బడులు తెరిచే యాళ్ళకు కట్టి నిలబెట్టు. వార్డెనువి నువ్వే. వాకిలి పక్కనే నీకో గది ఏపిస్తం."

ఆ ఒక్క మాటకు పడిపోయాను. అప్పట్లో బీదర్ ఊరికి అవతల చిద్రిలో మా అన్న ఇంట్లో ఉండేదాన్ని. రెండు గదుల ఇల్లు, మధ్యలో నడవ, ఆ నడవలో జొన్నబస్తాల పక్కన నా మంచం. వదిన చెడ్డ మనిషి కాదు. కానీ చుట్టాలొస్తే ఆ ఇంట్లో మొదట లేచేది నా మంచమే. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో వరసలో పడుకున్నాను, పెద్దయ్యాక నడవలో పడుకున్నాను. లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు ఒక్కటి పుట్టి బుద్ధెరిగాక నాకు లేదు. ఏడవాలన్నా పెరట్లోకి వెళ్ళి, కళ్ళల్లో పొగపడిందని చెప్పుకోవాల్సిన బతుకు. గది అనగానే సరేనన్నాను. పునాది అంటే ఎంత లోతో కూడా అప్పటికి నాకు తెలియదు.

మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. నిజాం కాలంలో రోడ్లూ వంతెనలూ కట్టించి, మా బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిశాక కొన్నేళ్ళకు రిటైరైన మనిషి. జనవాడ ఊరి తెలుగాయనే గానీ చదువంతా ఉర్దూలో సాగడంవల్ల అందరూ ఓవర్సీర్ సాబని పిలిచేవారు. నేను మామా అనేదాన్ని. ఆయన దగ్గరికి వెళ్ళి, "మామా, హాస్టలు కట్టుడు నాకు నేర్పు" అన్నాను. ఆయన పకపకా నవ్వి, లోపలికి వెళ్ళి గుప్పెడు చింతగింజలు తెచ్చి అరుగు మీద పోశాడు.

"రాయి మీద రాయి పెట్టుడు మేస్త్రి పని. నీ పని అది గాదు బిడ్డా. ఏ పని దేని కోసం ఆగుతది, అది సూసుడు నీ పని." ఒక్కో గింజనూ వేలితో జరిపాడు. "ఇది పునాది. ఇది గోడ. గోడకు రాయి గావాలె, సున్నం గావాలె, మేస్త్రి గావాలె. ముగ్గుర్ల ఒక్కడు రాకున్నా మిగిలిన ఇద్దరు కూసోని బీడీలు తాగుతరు. కూలి మాత్రం నడుస్తది."

"మరి అన్నిటినీ ఒక్కదాన్నే ఎట్ల చూడాలె మామా?"

"అన్నిటిని సూడకు, పిచ్చిదానివైతవు. కిటికీ చౌకట్టు ఇయ్యాల రాకుంటే రేపొస్తది, ఏం మునగదు. రాయి రాకుంటే మొత్తం మునుగుతది. ఏది ఆగితే అన్నీ ఆగుతయో దాని మీద కన్నుండాలె. మిగిలినయాటి మీద చెయ్యుంటే సాలు."

ఇంకో పాఠం కూడా ఆ అరుగు మీదే చెప్పాడు. పని, గడువు, సరుకు, ఈ మూడూ ఒక్క దుప్పటిలో పడుకునే ముగ్గురట. ఒకరు గుంజుకుంటే ఇంకొకరి కాళ్ళు బయటపడతాయి. ఎవరి కాళ్ళు బయట ఉండాలో ముందే నిర్ణయించుకోకపోతే చలే నిర్ణయిస్తుందన్నాడు. అప్పుడు తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

మా నేల ఎర్రరాయి నేల. తవ్వి తీసినప్పుడు ఆ రాయి పచ్చిగా, సబ్బుబిళ్ళలాగా మెత్తగా ఉంటుంది. కావలసిన కొలతకు చెక్కి, ఎండలో, గాలిలో నెలల తరబడి వదిలేస్తే గట్టిపడి అప్పుడు రాయవుతుంది. అంటే అన్నీ ఆగేది రాయి దగ్గరే. ఉగాదికి గోడ లేవాలంటే సంక్రాంతి లోపే రాయి తవ్వాలి. ఇదంతా కాగితం మీద గీతలు గీసి, ఎడమ పక్క పనులూ పైన వారాలూ వేసి, బళ్ళో నా బీరువా తలుపుకు అంటించుకున్నాను. గీతలు నేరుగా, శుభ్రంగా వచ్చాయి. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆదివారాలు కొట్టేశాను, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కొట్టేశాను. మామ హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు కాబట్టి చూపించడానికి కుదరలేదు. నిజం చెప్పాలంటే ఉన్నా చూపించేదాన్ని కాదేమో. నాకే వచ్చేసిందనుకున్నాను. వాకిలి పక్క గదికి కిటికీ తెర ఏ రంగుదైతే బాగుంటుందో కూడా అప్పుడే ఆలోచించుకుంటున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

కార్తీకంలో పునాది బాగానే నడిచింది. క్రిస్మస్‌కు మా క్రైస్తవ కూలి ఆడవాళ్ళు ఊళ్ళకు పోయారు, అది కాగితంలో ఉన్నదే. మేస్త్రి ముస్లిం, ఆ ఏడు రంజాను కూడా అప్పుడే పడింది. ఉపవాసమున్న మనిషిని మధ్యాహ్నం ఎండలో రాళ్ళెత్తమనడానికి నోరు రాలేదు, ఒంటిపూట చాలన్నాను. కొత్త సంవత్సరం వచ్చాక అన్నీ సర్దుకుంటాయనుకుని, గానుగకు ఎద్దుల్ని కట్టించి పెద్ద గుంత నిండా సున్నం రుబ్బించాను.

తెల్లారి వెళితే పనిచోట ఒక్క పిట్ట లేదు. ఎద్దులూ లేవు. రోడ్డు మీద మాత్రం బళ్ళ మీద బళ్ళు, కొమ్ములకు రంగులేసిన ఎడ్లు, కొత్త చీరలు, నెత్తిన గంపలు. రాళ్ళు కొట్టేవాళ్ళ పెద్దావిడ, బగ్దల్ ఊరి మనిషి, ఇక్కడి చుట్టాల చేనుకు గంపతో పోతూ నన్ను చూసి ఆగింది.

"ఏంది పంతులమ్మా, ఇయ్యాల ఎళ్ళమాస గదా! ఎవలన్న పని జేస్తరా?"

ఎళ్ళ అమావాస్య మా వైపు పెద్ద పండుగ. ఆ రోజు ఊళ్ళల్లో పొయ్యి వెలగదు. అందరూ చేలకు పోయి, జొన్నకర్రల పందిట్లో ఐదు రాళ్ళు నిలబెట్టి పూజ చేసి, సజ్జరొట్టెలూ, తీరు తీరు ఆకుకూరలూ గింజలూ కలిపి వండిన బజ్జీ తింటారు. దారిన పోయేవాణ్ణి కూడా చేయి పట్టి లాక్కుపోయి కూర్చోబెడతారు. నాకు తెలియక కాదు. మిషన్ హాస్టల్లో ఆ రోజు మాకు గేటు వేసేవారు. ఐదు రాళ్ళ ముందు పెట్టిన అన్నం మనం ముట్టకూడదని చెప్పేవారు. పండుగ మాది కాదు కాబట్టి ఆ రోజే లేదన్నట్టు పెరిగాం. కాగితం మీద నేను వేసిన గీత ఆ రోజు మీదుగా దర్జాగా నడిచిపోయింది.

"రా, మావోళ్ళ సేన్ల బువ్వ తిందువు" అంది పెద్దావిడ.

"రాను అక్కా. సున్నం ఎండిపోతది."

"సున్నానికి కావలి గాస్తవా? దాన్నెవలెత్కపోతరు తల్లీ!" అని నవ్వి, కాసేపు నిలబడి చూసి, వెళ్ళిపోయింది.

రోజంతా ఒక్కదాన్నే గోనెపట్టాలు తడిపి సున్నం గుంత మీద కప్పుతూ కూర్చున్నాను. చేలల్లోనుంచి కేకలూ నవ్వులూ వినిపిస్తున్నాయి. ఊరంతా ఖాళీ. ఆకలి వేసింది, తెచ్చుకున్న రొట్టె తినబుద్ధి కాలేదు. ఎవరో ఒకరు మళ్ళీ వచ్చి, "లే, ఈసారి ఊకోను" అని రెక్క పట్టి లాక్కుపోతే బాగుండునని ఎంత అనుకున్నానో! ఎవరూ రాలేదు. ఒకసారి రానన్న మనిషిని రెండోసారి ఎందుకు పిలుస్తారు? సున్నానికి నీళ్ళు పోస్తూ పోస్తూ ఏడ్చాను. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు కాబట్టి పొగపడిందని చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

పండుగ ఒక్క రోజుతో పోలేదు. చుట్టాలొచ్చారని కొందరు, ఎడ్లు అలసిపోయాయని కొందరు, ఆ వెనకే రంజాను ఈదు వచ్చిందని మేస్త్రి. మూడు మతాలవాళ్ళూ కూడబలుక్కున్నారా అనిపించింది. అందరూ తిరిగొచ్చేసరికి సున్నం గుంతలోనే గడ్డకట్టింది. అంతకన్నా పెద్ద దెబ్బ వెనక వచ్చింది. చేలల్లో జొన్న కోతకు వచ్చింది, రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక్కొక్కరే కొడవలి పట్టారు. నేను బస్సెక్కి బగ్దల్ పోయి, చేను గట్టు మీద నిలబడి పెద్దావిడను బతిమాలాను.

"జొన్న ఇంటికి రాంగనే వస్తం" అంది, నడుం వంచినది వంచినట్టే ఉండి. "కడుపు ముందా, నీ గోడ ముందా, నువ్వే చెప్పు."

తిరుగు బస్సు సాయంత్రం దాకా లేదు. గట్టు మీదే కూర్చున్నాను. ఈసారి ఎవరూ తినమని అడగలేదు.

మామ హైదరాబాదు నుంచి వచ్చి బీరువా మీది కాగితం చూశాడు. వారాల మీదుగా వేలు జరిపి, "అమావాస్యలేవి బిడ్డా?" అన్నాడు.

"అవి మావి కావు మామా."

"పండుగ నీది గాకపోవచ్చు. మనుషులు నీ మనుషులే గద!" అన్నాడు. చింతగింజలతో చెప్పినప్పటికంటే ఆ రోజు ఎక్కువ నేర్చుకున్నాను. ఇంటికెళ్ళి పెద్దబాలశిక్షలా పంచాంగం ముందు పెట్టుకుని అందరి పండుగలూ రాసుకున్నాను. జొన్నకోత ఎప్పుడు, మొహర్రం ఎప్పుడు, ఎవరి ఊళ్ళో జాతర ఎప్పుడు అన్నీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత నాకు మాట కరుకైంది. పొద్దున అందరికంటే ముందు వెళ్ళేదాన్ని, అందరూ పోయాక ఇంటికొచ్చేదాన్ని. నేను వస్తుంటే నవ్వులు ఆగిపోయేవి. మధ్యాహ్నం వాళ్ళంతా గుండ్రంగా కూర్చుని ఒకరి కూర ఒకరు పంచుకునేవారు. నేను కొంచెం దూరంలో రాళ్ళకుప్ప మీద కూర్చుని డబ్బా విప్పేదాన్ని. వెళ్ళి కూర్చుంటే వద్దనేవారు కాదేమో. పోవడానికి కాళ్ళు రాలేదు. మామకు చెప్పుకుంటే, "గంతే బిడ్డా. గోడ గట్టేటోడు గోడను సూస్తడు. నువ్వు అందరిని సూడాలె. అందరిని సూసేటోళ్ళను ఎవ్వలు సూడరు" అన్నాడు. ఓదార్పని చెప్పిన మాట అది. అలాంటి ఓదార్పు పగవాళ్ళకు కూడా వద్దు.

ఉగాది పోయాక మామ కర్ర పట్టుకుని పనిచోటికి వచ్చాడు. ఎండిన రాయిని మేస్త్రి చేత ఒక పక్క, పచ్చిరాయిని ఇంకో పక్క పేర్పించాడు. పడుకునే హాలుకూ వంటింటికీ ఎండిన రాయి సరిపోతుంది. వాకిలి పక్క గదికి మిగిలింది పచ్చిరాయే.

"ఇంక సోంచాయించు. పచ్చిరాయి ఎండేదాక ఆగుతవా?"

ఆగితే బడులు తెరిచేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏడో తరగతి పాసైన పిల్లలు, ఇక్కడి హైస్కూల్లో చేరాలనుకున్నవాళ్ళు, ఉండటానికి చోటు లేక ఊళ్ళోనే ఆగిపోతారు. ఒక ఏడు ఆగిన ఆడపిల్లను మళ్ళీ బడికి పంపే తండ్రి మా వైపు అప్పట్లో లేడు. "ఆగలేం" అన్నాను.

"హాలు సిన్నగ జేస్తవా?"

చిన్నగా చేస్తే సగం మంది పిల్లలే పడతారు. వద్దన్నాను. మేస్త్రి వైపు తిరిగి, "భాయ్, ఆ గదొక్కటి పచ్చిరాయితోని కట్టరాదా?" అని అడిగాను. అడుగుతున్నప్పుడే సిగ్గేసింది.

"కట్టుమంటే కడ్తనమ్మా, నాదేం బోతది. పహిలా వానకు నీ మీద్నే పడ్తది. నాకు పాపం, నీకు గోరీ" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

"గది ఇడిసిపెడుదాం మామా. వచ్చే ఏడు కట్టుకుందాం."

మామ నా ముఖంలోకి చూశాడు. "మంచిగ సోంచాయించినవా?" అన్నాడు. ఆలోచించే చెబుతున్నానన్నాను. మళ్ళీ అదే అడిగాడు. చిరాకేసి, "ఎన్నిసార్లు అడుగుతవు మామా!" అన్నాను. కర్ర ఊనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పాస్టరయ్యకు కూడా చెప్పాను. "మంచి పని జేసినవు తల్లీ, త్యాగమంటే ఇది" అని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆ తర్వాత పని పరుగెత్తింది. గోడలు లేచాయి, దూలాలెక్కాయి, రేకులు పడ్డాయి. చివరి రేకు బిగించిన రోజు గర్వంతో హాలు చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. ఒట్టి గీతల కాగితం నుంచి ఒక ఇల్లు లేచింది, నేను లేపాను! పక్కన ఎవరైనా ఉంటే చేయి పట్టుకుని చెప్పేదాన్ని. కూలివాళ్ళు పనిముట్లు కడుక్కుంటున్నారు. ఇంటికొచ్చి వదినతో చెబితే, "అయ్యిందా, ఇంక రేపటిసంది తొందరగ వస్తవు" అంది, పొయ్యి ఊదుతూ.

బడులు తెరిచే ముందు కమిటీ కూర్చుంది. పాస్టరయ్య దేవునికి వందనాలు చెప్పారు, చందాలిచ్చినవాళ్ళకు చెప్పారు, మేస్త్రికి తలపాగా కట్టించారు, నాకూ చెప్పారు, చప్పట్లు కొట్టారు. అనుకున్నదానికన్నా ఎక్కువమంది పిల్లలు వస్తున్నారని సంతోషంగా చెప్పి, ఆ ఊపులోనే, "ఇగ వార్డెను. మన మిషన్ దవాఖాన కంపౌండరు భార్యను పెడుతున్నం" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. "అయ్యగారూ, నన్ను గదా…" అన్నాను.

"అవునమ్మా, నిన్నే అనుకున్నం" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ. "నీకు గది లేకపాయె గద. రాత్రిపూట పిల్లల దగ్గర్నే ఎవలన్న ఉండాలె. ఆమె ఇల్లు హాస్టలు గోడకానుకోనే ఉన్నది. నువ్వు చిద్రి నుంచి ఎట్లొస్తవు?"

"నేను హాల్లోనే ఓ మూలకు పండుకుంట."

"నీ మూలల ఇంకో పిల్ల పండుకుంటది గదా తల్లీ!"

ఆయన చెప్పింది నిజం. హాలు కొలతలు నావే, ఒక్కో పిల్లకు ఎంత చోటో లెక్క వేసింది నేనే. ఆ లెక్కలో ఎక్కడ వెతికినా నాకు చోటు లేదు. వచ్చే ఏడు గది సంగతి అడిగితే, వార్డెనుకు ఇల్లుండగా గదెందుకమ్మా అన్నారు ఒకాయన.

చర్చి నుంచి నేరుగా మామ అరుగు దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే ఎరుకనా మామా?"

"ఎరుకే."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే గది ఇడుస్తుంటివా?" అన్నాడు. "ఇడువకపోతే పిల్లలు ఏడాది పోగొట్టుకుందురు."

చెబితే వదిలేదాన్నో కాదో నాకే తెలియదు, ఇప్పటికీ తెలియదు. కనీసం తెలిసి వదిలే అవకాశమైనా నాకు ఇవ్వాల్సింది. ఆ మాట ఆయన ముఖం మీదే అని వచ్చేశాను. చాలా రోజులు ఆ వీధి మలుపు తిరగలేదు.

మృగశిర వాన పడిన సాయంత్రం మాత్రం ఇంట్లో ఉండలేకపోయాను. రేకుల అతుకులు కారుతున్నాయేమోనని గొడుగేసుకుని హాస్టలుకు పోయాను. వాకిలికి లోపల గడియ వేసి ఉంది. లోపల పిల్లల గోల, నవ్వులు, ఎవరో పాట పాడుతున్నారు. చుట్టూ తిరిగి చూరు కింద నిలబడి, పైకి చూస్తూ ఒక్కో అతుకూ పరీక్షిస్తున్నాను. కిటికీ తెరుచుకుంది. పన్నెండేళ్ళ పిల్ల, రెండు జడలు, ఏ ఊరి నుంచి వచ్చిందో.

"ఎవలు గావాలమ్మా? వార్డెనమ్మ గా పక్కింట్ల ఉంటది."

"ఎవ్వలొద్దు బిడ్డా. లోపల వాన కారుతుందా?"

ఆ పిల్ల తల పైకెత్తి నాలుగు పక్కలా చూసింది. "ఎక్కడ గూడ కారుతలేదు" అంది. వాన జల్లు పుస్తకాల మీద పడుతోందని కిటికీ మూసేసుకుంది.